ఆప్తుడెవడు?

“చెప్పువానికి వినువాడు లోకువ” అని తెలుగునాట ఒక పాత సామెత. ఈ సామెతలో చెప్పువాడు, వినువాడు అను ఇద్దరే కనిపింతురు. లోకవ్యవహారమును పరికించినచో అచట మూడవవాడు కూడ ఉండును. వాడు నష్టపోవువాడు. సాధారణముగా వినువాడే నష్టపోవువాడగును. చెప్పినవాడు ఆ స్థానమునకు వచ్చుట అరుదు. సలహా ఫలించినచో చెప్పినవానికి కీర్తి. ఫలింపనిచో విన్నవానికి అప్పు. ఈ చిన్న లెక్కలో ఒక పెద్ద ధర్మప్రశ్న ఇమిడియున్నది. ఒకడు తన కష్టార్జితమును ఎక్కడ పెట్టవలెనో మరియొకడు చెప్పునపుడు, ఆ మాటను ఏ ప్రమాణముచేత స్వీకరింపవలెను? సందేహించుట అవిశ్వాసమా, లేక అదియు కాయకములో ఒక భాగమా?

నమ్మకము లేనిదే లోకము నడువదని పెద్దలందురు. అది సత్యమే. రోగి వైద్యుని నమ్మును. రైతు విత్తనమును నమ్మును. శిష్యుడు గురువును నమ్మును. ప్రతి విషయమును తానే పరీక్షించి తెలిసికొనవలెనన్నచో ఒక జీవితము చాలదు. కనుక ప్రశ్న నమ్మవలెనా వద్దా అనునది కాదు. ఎవనిని, ఎంతమేరకు, ఏ గురుతులను చూచి నమ్మవలెననునదే ప్రశ్న. ఈ ప్రశ్నకు అనంతపురము కరవుసీమను మించిన పరీక్షాస్థలము దొరకుట కష్టము. అచట ఒక తప్పుడు సలహాకు మూల్యము ఒక సంవత్సరపు పంట మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు ఒక కుటుంబమే.

కంటికి కనబడని నీరు

2022లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడువరకు ఒకే జిల్లాగా నుండిన ఈ పీఠభూమికి వాన రెండు దిక్కులనుండియు దూరమే. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము కూడ బలము తగ్గి వచ్చును. సంవత్సరమునకు సగటున పడు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు కావలసిన నెలలో, కావలసినంత పడునను నిశ్చయము లేదు. అందుచేతనే పూర్వులు చెరువులు కట్టించిరి. విజయనగరకాలమునాటి బుక్కపట్టణము, ధర్మవరము చెరువులు నేటికిని వారి దూరదృష్టికి సాక్ష్యములు.

చెరువులోని నీరు కంటికి కనబడును. బావిలోనికి తొంగి చూచినచో నీటిమట్టము తెలియును. ఎంత ఉన్నదో, ఎన్ని తడులకు వచ్చునో ఊరివారందరు చూచి చెప్పగలరు. కాబట్టి చెరువు నీటికి, బావి నీటికి జోస్యము చెప్పువాడు అక్కరలేకపోయెను. బోరు వచ్చిన తరువాత స్థితి మారెను. బావులు ఎండినకొలది బోర్లు లోతునకు పోయెను. బోర్లు లోతునకు పోయినకొలది మిగిలిన బావులు కూడ ఎండెను. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణాజలములు కొన్ని ప్రాంతములకు వచ్చుచున్నను, కాలువ అందని పల్లెలకు బోరే శరణ్యమైనది. ఆ నీరు రాతిక్రింద, చీకటిలో, ఎవరి కంటికిని కనబడక ఉండును. కన్ను చేరని చోట మాటకు విలువ పెరుగును. తెలిసినవాడు దొరకని చోట తెలిసినదని చెప్పువాడు వెలయును.

ఈ విధముగా ‘నీళ్లు చూచువాడు’ రైతు జీవితములో ప్రవేశించెను. అరచేతిలో అడ్డముగా పెట్టుకొన్న టెంకాయ నిటారుగా లేచి నిలిచిన తావున నీరున్నదనును ఒకడు. వేప పంగలకట్టె రెండు కొనలు పట్టుకొని నడచి, అది వంగిన చోట గురుతు పెట్టును మరియొకడు. ఇన్ని అడుగులలో తగులును, ఇన్ని అంగుళముల నీరు వచ్చునని లెక్కతో సహా చెప్పును. ఆ ‘పాయింటు’పై టెంకాయ కొట్టి, పసుపు కుంకుమలు చల్లి, బోరుబండిని పిలుతురు. బండివాడు అడుగు లెక్కన సొమ్ము తీసికొనును. నీరు పడినను, దుమ్ము లేచినను అడుగు అడుగే. నీళ్లు చూచినవాని సంభావన ముందుగనే ముట్టియుండును. గొయ్యి ప్రక్కన చివరకు మిగులువాడు రైతొక్కడే.

ఈ రైతును మూఢుడని నవ్వుట సులభము, న్యాయము కాదు. అతని చీనీతోటను తలంచుకొనవలెను. నాటిన చెట్టు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టినది. ఎండకాలమున బోరు వట్టిపోయినది. ఆకు ముడుచుకొనుచున్నది. ఇక కొన్ని వారములు నీరు లేనిచో ఇన్నేండ్ల శ్రమ కట్టెలపాలగును. బోరు వేయనిచో నష్టము నిశ్చయము. వేసినచో ఒకవేళ తోట దక్కును. ఇట్టి సమయమున ‘తెలియదు’ అనువాని నిజముకన్న ‘ఇచటనే ఉన్నది’ అనువాని ధీమా చెవికి తీయగా ఉండును. కుహనా నిపుణుని బలము అతని విద్యలో లేదు. ఎదుటివాని అవసరములో ఉన్నది. కనుక విమర్శబుద్ధిని గూర్చి పలుకువారు ముందు ఈ సంగతిని గుర్తింపవలెను. అవసరము గొంతు పట్టుకొన్నవానికి సందేహించు తీరిక ఉండదు.

లెక్కకు రాని బోర్లు

అయినను ఆ విద్య నిజమైనదైనచో ఆక్షేపణ ఏల? ఫలానా ఊరిలో ఆయన చూపిన చోట నీరు పడలేదా? పడినమాట నిజమే. ఇచట తొందరపడక లెక్క చూడవలెను. ఒక పల్లెలో ఎవరు ఎక్కడ వేసినను ప్రతి 10 బోర్లలో 5 బోర్లకు నీరు పడుచున్నదని అనుకొనుడు. కన్నులు మూసికొని రాయి విసరినవాడును అచట 5 బోర్లను ‘సఫలము’ చేయగలడు. టెంకాయ పట్టినవాడు కూడ 5 బోర్లనే సఫలము చేసినచో టెంకాయ చేసిన మేలేమి? అతడు 10కి 8 చొప్పున, ఒక ఊరిలో కాక పలు ఊళ్లలో, ఒక ఏడు కాక పలు ఏండ్లలో చూపగలిగినపుడే విద్య కలదనవలెను. ఈ లెక్క వ్రాసి పెట్టినవారు అరుదు. నీరు పడిన బోరు మోటారై మ్రోగుచు ప్రతిదినము తన కథ చెప్పుకొనును. పడని బోరుపై బండ పెట్టుదురు. దాని కథ అంతటితో ముగియును. ఊరి జ్ఞాపకములో గెలుపులే నిలుచును.

అంతేకాక, ఓటమికి సమాధానములు ముందే సిద్ధముగా ఉండును. ఇంకొక యాభై అడుగులు పోయియుండిన నీరు పడెడిది. బండివాడు పాయింటునుండి మూరెడు జరిగెను. ఇంటిలో ఏదో దోషమున్నది. నీరు పడినచో విద్య గెలిచినట్లు. పడనిచో రైతు తప్పినట్లు. ఏది జరిగినను ఓడని మాటలో సారము ఉండదు. తప్పగుటకు అవకాశమున్న మాటయే నిజమగుటకు అర్హత కలది.

ఈ విద్య ఒక్క తెలుగునాటనే లేదు. ఐరోపాలోను తరతరములుగా ఉన్నది. జర్మనీలోని మ్యూనిక్ సమీపమున 1987-88 సంవత్సరములలో దానిని శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. సుమారు 500 మంది నీరు కనుగొనువారిని పిలిచి, వారిలో మేలైనవారిగా తోచిన 43 మందిని ఎన్నుకొనిరి. ఒక కొట్టపు క్రింది అంతస్తులో నీటిగొట్టమును యాదృచ్ఛికముగా అటునిటు జరుపుచు, పై అంతస్తునుండి దాని స్థానమును చెప్పుమనిరి. ఇట్లు 843 పరీక్షలు జరిగెను. కొందరికి నిజముగా శక్తి కలదని ఆ పరీక్షకులు భావించిరి. అయితే 1999లో జేమ్స్ ఎన్‌రైట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ లెక్కలను తిరిగి పరిశీలించి, ఫలితములు ఊహించి చెప్పినదానికన్న మేలుగా లేవనియు, ఒకసారి బాగుగా చెప్పినవారు మరియొకసారి చెప్పలేకపోయిరనియు చూపెను. ఆ పరీక్షలలో పాల్గొన్నవారు మోసగాండ్రు కారు. అనేకులు తమకు శక్తి కలదని మనస్ఫూర్తిగా నమ్మినవారు. ఇది గమనింపదగిన విషయము. చెప్పువాని చిత్తశుద్ధి అతని మాటకు ప్రమాణము కాజాలదు.

నేలక్రింద నదులు పారుచున్నవను ఊహ పలువురి మనస్సులలో ఉన్నది. అనంతపురపు నేలక్రింద అధికభాగము గ్రానైటు, నైసు జాతుల కఠినశిల. పైపొరలో శిథిలమైన రాతియందును, లోపలి చీలికలయందును మాత్రమే నీరు నిలుచును. లోతునకు పోయినకొలది సాధారణముగా చీలికలు తగ్గుచుండును. అందుచేతనే ఒకచోట నీరు ఉబికిన బోరు ప్రక్కనే మరియొక బోరులో దుమ్ము లేచుట జరుగును. భూమిలోనికి విద్యుత్తును పంపి రాతి నిరోధమును కొలుచు జియాలజిస్టు సైతము నీటిని కన్నులార చూడడు. అతడు చెప్పునది సంభావ్యత మాత్రమే. నిజమైన జియాలజిస్టు ఆ మాటను దాచడు. ‘ఇచట అవకాశము తక్కువ, వేయవద్దు’ అనుటకు వెనుదీయడు. నీళ్లు చూచువాడు అట్లు ఎన్నిమారులు అనెనో ఊరివారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఆప్తుని లక్షణము

ప్రాచీనులు ఈ సమస్యను ఎరుగనివారు కారు. న్యాయదర్శనము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను అంగీకరించెను. శబ్దమనగా ఎవని మాటయైనను కాదు, ఆప్తుని ఉపదేశము. ఆ సూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడెవడో వివరించెను. విషయమును స్వయముగా ఎరిగినవాడై, ఎరిగినదానిని ఎరిగినట్లు తెలుపవలెనను కోరికతో పలుకువాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమని కూడ ఆయన స్పష్టపరచెను. అనగా వేషము, పుట్టుక, బిరుదు ఆప్తత్వమునకు కారణములు కావు. ఎరుక, నిజాయితీ అను రెండే కారణములు.

వ్యాపారపు సలహా విషయమున ఈ రెండింటికి మూడవది ఒకటి చేర్చవలసియున్నది. అది బాధ్యత. వ్యాకరణములో తప్పు చెప్పినవానివలన వినువాడు ధనము కోల్పోడు. పెట్టుబడి విషయమున తప్పు చెప్పినచో ఇల్లు కూలును. కనుక చెప్పువానికి ఆ నష్టములో పాలు కలదా అని చూడవలెను. తాను చెప్పినది తన సొమ్ముతో చేసినవాడు ఒక విధపు సాక్షి. తాను చేయక, పరులకు చెప్పుటయే వృత్తిగా గలవాడు వేరొక విధపు సాక్షి. ఎరుక లేనివాడు అజ్ఞాని. నిజాయితీ లేనివాడు వంచకుడు. బాధ్యత లేనివాడు ఈ ఇద్దరికన్న ప్రమాదకారి. తప్పులనుండి నేర్చుకొను అవసరమే వానికి కలుగదు.

శరణుల యెదుట లెక్క

గురువును నమ్మిన భక్తునికి ప్రశ్న తగదని, కనుక ఈ సందేహవాదము శరణమార్గమునకు విరుద్ధమని కొందరు అనవచ్చును. శరణుల చరిత్రను చూచినచో ఈ ఆక్షేపణ నిలువదు. కల్యాణమున బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారి. రాజధనమును జంగమారాధనకు వ్యయము చేసెనను నింద వచ్చినపుడు లెక్క చూపుటకు ఆయన సంకోచింపలేదనియు, ధనము సరిగానే ఉండెననియు పురాణకథ. ఆ కథలోని అద్భుతము ఒక ప్రక్కనుండగా, దానిలోని నీతి స్పష్టము. ఎంతటి మహానుభావుడైనను పరుల ధనము చేతిలో నున్నపుడు పరీక్షకు లోబడినవాడే. అనుభవమంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడుగా, కుమ్మరియు, చాకలియు, మంత్రియు ఒకే వరుసను కూర్చుండి పరస్పరము ప్రశ్నించుకొనిరని సంప్రదాయము చెప్పుచున్నది. ప్రశ్నను అవమానముగా తలంచినవానికి ఆ మంటపమున తావు లేదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ఇంకను దగ్గరది. రాలిన బియ్యపు గింజలను ఏరుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అలవాటుకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇల్లాలు సంతోషింపలేదు. ఇంత ఎక్కువ ఏల అని అడిగెను. అక్కరకు మించిన బియ్యమును తిరిగి అచటనే వేసి రమ్మనెను. ఈ కథను నిస్పృహకు ఉదాహరణముగా సాధారణముగా చెప్పుదురు. అది ఒక ప్రమాణపరీక్ష కూడ. చేతికి వచ్చు ఎక్కువ ఎక్కడనుండి వచ్చుచున్నది అను ప్రశ్నను ఆ పేద ఇల్లాలు లాభము చేతిలోనికి వచ్చిన తరువాత కూడ అడుగగలిగెను. లాభము ఇంకను మాటలలో నున్నపుడే ఆ ప్రశ్న అడుగలేనివారికి ఆమె గురుస్థానము. సద్గురువు ఆశను తగ్గించును. ఆశను రెచ్చగొట్టుచు గురువువలె మాటలాడువాడు ఆ ఒక్క గురుతుచేతనే పట్టుపడును.

వేషము మారిన మాట

లక్కమ్మ అడిగిన ప్రశ్నను అడుగకపోవుటవలన ఏమి జరుగునో ఇటీవలి చరిత్రలో ఈము పక్షి చూపినది. ఆస్ట్రేలియా దేశపు ఈ పెద్ద పక్షిని ఆంధ్రదేశమునందును, తమిళనాడునందును రైతులు పెంచిరి. మాంసమునకు గిరాకి, నూనెకు గిరాకి, తోలుకు, ఈకలకు, గ్రుడ్లకు గిరాకి అని ప్రచారము సాగెను. మెట్టరైతుకు ఇది కామధేనువువలె కనబడెను. అయితే పిల్లలను పెంచినవాడు వాటిని ఎవరికి అమ్మెను? క్రొత్తగా ఈములు పెంచదలచినవానికి. ఆ క్రొత్తవాడు ఎవరికి? మరియొక క్రొత్తవానికి. ఈ వరుసలో చివర ఆ మాంసమును కొని వండుకొను ఇల్లు ఎక్కడ కలదను ప్రశ్నకు జవాబు లేకపోయెను. ఈ దేశపు సంతలలో ఈము మాంసము కోడిమాంసమువలె అమ్ముడుపోలేదు. క్రొత్తవారు వచ్చినంతకాలము లాభము కనబడెను. రాకడ తగ్గగనే మేపుటకు మేత కూడ గిట్టక రైతులు చితికిపోయిరి. 2012 ఆగస్టులో తమిళనాడులోని పెరుందురై కేంద్రముగా డిపాజిట్లు సేకరించిన సుశి ఈము ఫార్మ్స్ కూలిపోగా, సొమ్ము చెల్లించినవారు పెద్దసంఖ్యలో పోలీసులను ఆశ్రయించిరి.

పేరు ఈము కావచ్చును, రేపు మరియొక మొక్క కావచ్చును, ఎల్లుండి సెల్‌ఫోనులో ధనము రెట్టింపు చేయు ఉపాయము కావచ్చును. టెంకాయ పట్టినవాని స్థానమున కోటు తొడిగినవాడు వచ్చును. పంగలకట్టె స్థానమున రంగురంగుల పటములు వచ్చును. మాట నిర్మాణము మాత్రము ఒక్కటే. ఇది నీకు మాత్రమే చెప్పుచున్నాను, ఆలస్యమైనచో అవకాశము పోవును, సందేహించినవారు వెనుకబడిరి. ఈ మూడు వాక్యములలో ఒక్కటి వినబడినను చేతి సంచిని గట్టిగా పట్టుకొనవలెను. నిజమైన లాభమునకు తొందర ఉండదు. తొందర అమ్ముకొనువానికే ఉండును.

పండితుని మాటయు పరీక్షింపవలసినదే

అట్లని పట్టముగలవాని మాటను ప్రశ్నింపక స్వీకరింపవచ్చునా? అదియు కాదు. 2003లో కేంద్ర ప్రణాళికా సంఘపు కమిటీ డీజిలునకు బదులుగా వాడదగిన నూనెకై జట్రోఫా మొక్కను సిఫారసు చేసెను. బంజరున, నీరు లేని నేలలో పెరుగునను మాట మెట్టసీమలలో ఆశ రేపెను. ఆ మొక్క ఎండకు చావక నిలుచుట నిజమే. బ్రతుకుట వేరు, కాయుట వేరు. తగినంత నీరు, ఎరువు లేని చోట గింజల దిగుబడి చెప్పినంత రాలేదు. ఆ సిఫారసు చేసినవారు వంచకులు కారు; చిన్న పరీక్షనుండి పెద్ద నిర్ణయమునకు దుమికిరి.

వేరుశనగ కథ ఇంతకన్న సూక్ష్మమైనది. వంటనూనెలకై దేశము పరదేశములపై ఆధారపడుట తగ్గింపవలెనని 1986లో నూనెగింజల సాంకేతిక మిషను ఆరంభమయ్యెను. ఎఱ్ఱనేలలో, తక్కువ వానలో పండి, పశువులకు కట్టెను కూడ ఇచ్చు వేరుశనగను అనంతపురపు రైతు విరివిగా చేపట్టెను. కొఱ్ఱ, సజ్జ, జొన్నల చేలు కుంచించుకుపోయి లక్షల హెక్టార్లలో ఒకే పంట నిలిచెను. ఇది తప్పుడు సలహా అనలేము. దేశమునకు నూనె కావలెను. కాని ఒకే పంటను నమ్మినవాని ఇంట వాన తప్పిన యేడు గింజయు లేదు, గటకయు లేదు. దేశపు లెక్కలో సరియైన మాట ఇంటి లెక్కలో సరిపోవలెనను నియమము లేదు. ‘ఇది ఎవరి ప్రయోజనమునకై చెప్పబడిన మాట?’ అను ప్రశ్నను సజ్జనుల విషయమునను అడుగవలెను.

ఆ వేరుశనగ చేలలోనే నిజమైన విద్యకు కూడ ఒక ఉదాహరణము దొరకును. 2000 ఖరీఫులో కాండము కుళ్లు తెగులు అనంతపురము జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లను దెబ్బతీసెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా. శాస్త్రజ్ఞులు ఆ తెగులునకు మూలము ఒక వైరస్ అని గుర్తించిరి. గట్లపై పెరుగు వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడిద్వారా, తామరపురుగుల సాయమున అది వ్యాపించునని కనుగొనిరి. కలుపును పెరికివేయుడనియు, చేను చుట్టును జొన్నవంటి పంటను అడ్డుగా వేయుడనియు చెప్పిరి. ఈ సలహా లక్షణములను గమనింపవలెను. కారణము చెప్పబడినది. ఎవరైనను తమ గట్టుపై పరీక్షించి చూడవచ్చును. పాటించుటకు అప్పు చేయనక్కరలేదు. చెప్పినవారికి వయ్యారిభామను పెరికించుటలో అమ్మకము లేదు. ఆప్తవాక్యమనగా ఇట్టిది.

ఒంటరివాని సందేహము

ఇంతవరకు చెప్పినదంతయు వివేకముగల ఒక్క మనుష్యుని గూర్చియే. అయితే మొదట చెప్పుకొన్న చీనీరైతు సంగతి ఏమి? ఎండుచున్న తోట ముందర నిలిచి, వడ్డీ లెక్కలు మోయుచున్నవానిని ‘విమర్శబుద్ధితో ఆలోచింపుము’ అనుట ఆకలిగొన్నవానికి ఉపవాసవ్రతమును ఉపదేశించుట వంటిది. అతడు సందేహింపలేడు, సందేహించు శక్తిని అవసరము హరించినది. అందుచేత అతని పక్షమున మరియొకరు సందేహింపవలెను. విమర్శబుద్ధి ఒంటరివాని గుణముగా నున్నంతవరకు అది తీరికగలవాని అలంకారము మాత్రమే. అది సంఘధర్మమైనపుడే పేదవానికి రక్షణ.

ఇది కేవలము కోరిక కాదు. ఈ సీమలోనే ఆచరింపబడినది. 2003 తరువాత అనంతపురముతోబాటు కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో రైతులే నడపు భూగర్భజల యాజమాన్య పథకమొకటి నడచెను. అందులో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కూడ పాలుపంచుకొనెను. ఊరి స్త్రీపురుషులే వర్షమాపకమును చూచిరి. బోర్లలో నీటిమట్టమును నియమముగా కొలిచిరి. ఆ అంకెలను ఊరిగోడపై అందరు చూచునట్లు వ్రాసిరి. రబీకి ముందు గ్రామమంతయు కూర్చుండి నేలక్రింద ఉన్న నీరెంత, తలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్కకట్టిరి. ఏ పంట వేయవలెనో ఎవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క చూచినవారిలో అనేకులు నీరు ఎక్కువ త్రాగు పంటను తామే తగ్గించుకొనిరి. కంటికి కనబడని నీటిని అంకెలరూపమున కనబడునట్లు చేయుటయే ఆ పథకపు సారము. నీరు కనబడిన పిదప జోస్యునితో పని తగ్గును.

2002 నాటి వాల్టా చట్టము బోరు వేయుటకు ముందు అనుమతి ఉండవలెనని, బోరుబండ్లు నమోదు కావలెనని నిర్దేశించెను. చట్టము చేయగలిగినది అంతవరకే. ఊరి జ్ఞాపకమును చట్టము కాపాడలేదు. ప్రతి పల్లెలోను, మఠపు అరుగుపైనైనను, బడిగోడపైనైనను ఒక లెక్కల పుస్తకము ఉండవచ్చును. ఏ సంవత్సరమున, ఎవరి చేనిలో, ఎవరు చూపిన చోట, ఎన్ని అడుగులు బోరు వేసిరి, నీరు పడెనా లేదా, పడినచో ఎన్ని నెలలు నిలిచెను అని వ్రాసిపెట్టుటకు ఒక కాగితపు పుస్తకము, ఒక నిజాయితీగల చేయి చాలును. బండక్రింద కప్పబడిన బోర్లు అప్పుడు మాటలాడును. క్రొత్త పంట, క్రొత్త పక్షి, క్రొత్త పథకము వచ్చినపుడును ఇట్టి పుస్తకమే తీయవలెను. పొరుగూరిలో చేసినవారు ఏమైరి, అమ్మినదెవరికి, మిగిలినదెంత అని చూడవలెను. పెరటి చెట్టు మందునకు పనికిరాదని సామెత ఉన్నది. దూరమునుండి వచ్చినవాని పటములకన్న పొరుగువాని ఓటమి గొప్ప పాఠమనునది ఆ సామెత మరచిన సంగతి.

అడుగవలసిన ప్రశ్నలు

కుటుంబములో ఒక పెట్టుబడి మాట వచ్చినపుడు ఇంటివారందరు, ముఖ్యముగా లక్కమ్మవంటి ఇల్లాండ్రు, అడుగవలసిన ప్రశ్నలు ఐదు. మొదటిది: ఈ సలహా చెప్పువాడు దీనిని తన సొమ్ముతో చేసెనా? రెండవది: నేను ఒప్పుకొన్నచో అతనికి ఎవరివద్దనుండి ఏమి ముట్టును? మూడవది: అతని మాట విని ఓడినవారెవరు, వారితో మాటలాడితిమా? నాలుగవది: ఏది జరిగినచో తన మాట తప్పని అతడు ఒప్పుకొనును? ఐదవది: అంతయు పోయినచో ఈ ఇంట రేపు పొయ్యి వెలుగునా? మొదటి నాలుగు ప్రశ్నలు చెప్పువానిని గూర్చినవి. ఐదవది తమను గూర్చినది. అన్నిటికన్న ముందు దానికే జవాబు కావలెను. వ్యాపారమున నష్టము వచ్చుట తప్పు కాదు. తట్టుకొనలేని నష్టమునకు తెలియక పూచీపడుట తప్పింపదగినది.

ఈ ప్రశ్నలు నీటిని పుట్టింపవు. వానను తీసికొని రావు. ప్రశ్నించినవాని తోట కూడ ఎండవచ్చును. ప్రశ్నింపక వేసినవాని బోరులో నీరు పడవచ్చును. కరవుసీమలో ఏ వివేకమును పూర్తి రక్షణ ఇయ్యలేదు. కాని ఎండిన తోటతో మిగిలినవానికి నేల ఉండును. ఎండిన తోటకు తోడు ఐదు బోర్ల అప్పు మిగిలినవానికి నేల కూడ ఉండదు. అప్పులు తాళలేక ప్రాణములు విడిచిన రైతుల ఇండ్లు ఈ సీమలో ఉన్నవి. ఆ ఇండ్లముందు నిలిచినపుడు, చెప్పినవాడు తప్పు చెప్పెను, విన్నవాడు తప్పు వినెను అని తీర్పు ఇచ్చుట చాలదు. అంతయు ఎరిగియుండి, ‘మనకెందుకు’ అని ఊరకున్న పొరుగువారి పాలు కూడ లెక్కింపవలెను. తనకు తెలిసిన ఓటమిని దాచక చెప్పుట కూడ దాసోహమే. అన్నము పెట్టుటవలెనే అదియు ఒక ఇంటిని నిలబెట్టును.

చెప్పువానికి వినువాడు లోకువ అనునది సత్యమే. అయితే వినువాడు ఒంటరిగా నున్నంతవరకే ఆ సామెత చెల్లును. అతని ప్రక్కన ఇల్లాలు, పొరుగువారు, ఊరి లెక్కల పుస్తకము కూర్చున్న దినమున చెప్పువాడు కొంచెము తడబడి, ఆలోచించి, తనకు నిజముగా తెలిసినంత మాత్రమే చెప్పును.